తెగాల్సిన తాడు

మా పెదనాన్న ముఖం మీద "తాడు తెగాలి" అని చెప్పిన మనిషి పల్నాడు మొత్తం మీద నేనొక్కదాన్నే. చెప్పినందుకు నాకేమీ బాధ లేదు. ఇంకోసారి చెప్పమన్నా చెబుతాను. మైకు ఇస్తే మైకులో కూడా చెబుతాను.

పెదనాన్న పేరు గోపాలరావు. రాజుపాలెం మండలంలో మా ఊరికి సర్పంచిగా చేశాడు. ఆ పదవి కంటే ఎక్కువ పేరు తెచ్చింది ఆయన ఎడ్లు. బండలాగుడు పందేల్లో ఆయన ఎడ్లు ఓడిన రోజులున్నాయి గాని, ఆయన మోకు తెగిన రోజు లేదు. మా వైపు ఎడ్లు ఓడితే ఎడ్ల తప్పు, మోకు తెగితే ఇంటి తప్పు. బండకూ కాడికీ మధ్య ఆ లావుపాటి తాడు పుటుక్కుమందా, ఇక ఆ ఇంటికి ఉన్న పేరు పోయి "మోకు తెగినోళ్ళు" అన్న పేరు మిగులుతుంది. మనవలు పుట్టాక కూడా ఆ మాట వదలరు. అందుకే పెదనాన్న దగ్గర యల్లమంద ఉన్నాడు. ఎడ్లకు మేత వేసేది వేరేవాళ్ళు, యల్లమంద పని మోకులే. వాటిని పేనుతాడు, నూనె పట్టిస్తాడు, పందేనికి ముందు ఈ కొస నుంచి ఆ కొస దాకా తడిమి చూస్తాడు.

అలాంటి ఇంట్లోకి నేను తెగడం కోసమే కట్టే తాడు తీసుకొచ్చాను.

పూనాలో ఉద్యోగం చేసే రోజుల్లో అక్కడి కొండల మీద హ్యాంగ్ గ్లైడర్ నేర్చుకున్నాను. పెద్ద త్రికోణం రెక్క, ఇంజను ఉండదు. దాని కింద మనిషి బోర్లా వేలాడుతూ, ముందున్న అడ్డకడ్డీ రెండు చేతులా పట్టుకుని ఒళ్ళు అటూ ఇటూ జరిపితే రెక్క అటూ ఇటూ తిరుగుతుంది. కొండ ఉంటే కొండ మీద నుంచి పరిగెత్తి దూకొచ్చు. మా ఊళ్ళో దూకడానికి గడ్డివాము తప్ప ఏముంది? అందుకని లాగాలి. చేనుకు ఆ చివర పాత జీపు ఇంజనుతో చేయించిన వించి, ఈ చివర చక్రాల బండి మీద గ్లైడర్, మధ్యన పొడుగాటి తాడు. వించి తాడును చుట్టుకుంటుంటే గ్లైడర్ పరిగెత్తి గాలిపటంలా లేస్తుంది. బండి కిందే ఉండిపోతుంది. పైకెళ్ళాక మనిషి మీట లాగి తాడు వదిలించుకుంటాడు. ఆ తర్వాత గాలి దయ.

ఆ తాడుకూ మనిషికీ మధ్య జానెడు సన్నదారం ఒకటి కడతాం. వీక్ లింక్ అంటారు. లాగుడు మితిమీరితే అన్నిటికంటే ముందు అది తెగాలి. ఎందుకో చెబుతాను. పైకి లేస్తున్న గ్లైడర్ ఒక పక్కకు ఒరిగిందనుకోండి. ముందు నుంచి తాడు ఇంకా లాగుతూనే ఉంటే ఆ ఒరుగు పెరుగుతుందే గాని తగ్గదు. ఎంత బలశాలి అయినా సరిచేయలేడు, తీసుకెళ్ళి నేలకు కొడుతుంది. అప్పుడు దారం తెగితే మనిషి బతుకుతాడు, తెగకపోతే పోతాడు. ఇంతే సంగతి. చిన్నపిల్లలకు చెప్పినా అర్థమవుతుంది, పెద్దవాళ్ళకే అవదు.

ఎగిరేది చైతన్య, పెదనాన్న ఒక్కగానొక్క కొడుకు. హైదరాబాదులో డ్రోన్లు తయారు చేసే కంపెనీలో ఇంజనీరు. నా దగ్గరే నేర్చుకున్నాడు, బాగా ఎగురుతాడు, ఆ మాట ఒప్పుకోవాలి. వాడు పైన, నేను వించి దగ్గర. సెలవు దొరికినప్పుడల్లా పెదనాన్న పత్తి పీకేసిన చేలో మాకు అదే పని. ఈసారి మా ఊరి తిరునాళ్ళకు ఎమ్మెల్యే వస్తున్నాడని తెలిసి పెదనాన్నకు బుద్ధి పుట్టింది. పందేలు అయిపోయాక జనమందరి ముందూ కొడుకు ఎగరాలట. నేను సరే అన్నాను. అనకుండా ఉండాల్సింది అని మాత్రం నేను అనను.

తిరునాళ్ళకు ముందురోజు రిహార్సలు వేశాం. గాలి కుదురుగా లేదు. రెండుసార్లు దారం తెగింది, రెండుసార్లూ చైతన్య కాళ్ళ మీద దిగాడు. నాకైతే అంతా సవ్యంగా జరిగినట్టే. చేనుగట్టు మీద కూర్చుని చూసినవాళ్ళకు మాత్రం పండగైంది. సాయంత్రానికల్లా మాట టీకొట్టు దాటి క్రోసూరు దాకా పోయింది.

పెదనాన్న కొట్టం దగ్గరికి పిలిపించాడు. చైతన్య అప్పటికే గాటికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. యల్లమంద రేపటి మోకుకు నూనె పట్టిస్తున్నాడు.

"ఏందే ధరణీ, గోపాలరావు కొడుకుని కుట్టుదారంతో కట్టి లేపుతున్నారంట అని ఊరూరా నవ్వుతున్నారంట. నీకు ఇనపడలా?" అన్నాడు పెదనాన్న.

"నవ్వితే నవ్వనియ్యి పెదనాన్నా. నవ్విన నాపచేనే పండిద్ది."

"పండిద్దో ఎండిద్దో నాకనవసరం. రేపు తెగకూడదు."

"తెగాల్సి వస్తే తెగిద్ది. తెగడానికే కట్టేది."

ఆయన నన్ను వదిలేసి యల్లమంద వైపు తిరిగాడు. "నువ్వు చెప్పరా, ఆ దారం ఎట్టా ఉంది?"

"గొర్రెపిల్లని కూడా కట్టం అయ్యా దాంతో," అన్నాడు యల్లమంద. వెటకారం కాదు, నిజంగానే బాధపడుతున్నాడు.

చైతన్య అందుకున్నాడు. "అక్కా, నాన్న పరువు సంగతి పక్కన పెట్టు. నాకూ ఒక డౌటుంది. ముక్కు పైకెత్తి ఎక్కేటప్పుడు ఠక్కున తెగితే గ్లైడర్ గాల్లో ఆగిపోయి కిందకి పడిద్ది. తక్కువ ఎత్తులో అది ఇంకా డేంజర్. బయట దేశాల పైలెట్లు సగం మంది ఇదే వాదిస్తున్నారు. కొంచెం గట్టిది కడితే ఏం పోయింది? తేడా వస్తే మీట నా దగ్గరే ఉందిగా, నేనే వదిలేస్తా."

వాడి మాటలో నిజం లేకపోలేదు. గ్లైడర్ ఎగిరే ప్రతిచోటా ఈ గొడవ ఉంది. దారం మరీ సన్నదైతే ఊరికూరికే తెగి నడుం విరగ్గొట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. కాని మా దారం మరీ సన్నది కాదు. వాడి బరువుకూ రెక్క బరువుకూ సరిపడా, బరువులు వేలాడదీసి, తెంపి చూసి ఎంచుకున్నది.

"ఇయ్యాల రెండుసార్లు తెగింది, రెండుసార్లూ నువ్వు తొందరపడి ముక్కెత్తావు," అన్నాను. "మొదట్లో ఎత్తమాకురా అని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్తన్నా. తప్పు నీ చేతుల్లో పెట్టుకుని దారాన్ని తిడతావేంది? కొంచెం గట్టిదంట, కొంచెం! ఆ కొంచెం ఎవరు కొలిచారు? యల్లమంద బాబాయికి కొంచెం గట్టి అనేది తెలుసా అసలు?"

పెదనాన్న తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "తెగేదాకా లాగబాకే ధరణీ. రేపు ఎమ్మెల్యే ముందు అది తెగిందంటే నువ్వు నా గడప తొక్కే పనిలేదు."

"సరే, తొక్కను."

కాఫీ గ్లాసులతో వచ్చిన పెద్దమ్మ, రంగనాయకమ్మ, మా మాటలన్నీ విని గుమ్మంలోనే ఆగిపోయింది. కొడుకు వంక చూసి "ఏం కాదుగా నాయనా?" అంది. "ఏం కాదులేమ్మా," అన్నాడు వాడు. పెదనాన్న గ్లాసు అందుకున్నాడు. ఆమె లోపలికి వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండి కాఫీ తాగకుండానే వచ్చేశాను.

మర్నాడు పందేలు జరిగాయి. పెదనాన్న ఎడ్లకు రెండో స్థానం వచ్చింది, మోకు మాత్రం చెక్కు చెదరలేదు. ఎమ్మెల్యే షామియానా కింద మెత్తటి కుర్చీలో కూర్చున్నాడు, పక్కన పెదనాన్న. ఆడవాళ్ళకు వేరే పక్క కుర్చీలు వేశారు. జనం పందేల బీడు చుట్టూ గట్ల మీద, ట్రాక్టర్ల మీద, ఎక్కడ చోటుంటే అక్కడ. పిడుగురాళ్ల వైపు సున్నపు బట్టీల పొగ చూశాను. కొంచెం వంగి, ఒకే వైపుకు పోతోంది. గాలి ఫరవాలేదు.

నేను బీడుకు ఈ చివర వించి దగ్గర ఉన్నాను. రేడియోలో చైతన్య గొంతు వచ్చింది. "రెడీ అక్కా. నువ్వు రానక్కర్లేదు, యల్లమంద అన్నీ కట్టేశాడు. లాగెయ్."

నాకో అలవాటుంది. లాగే ముందు ప్రతిసారీ నేనే వెళ్ళి దారాన్ని చేత్తో పట్టుకుని చూస్తాను. ఎన్నిసార్లు లాగితే అన్నిసార్లు. చైతన్యకు అది తెలుసు. తెలిసీ రావద్దన్నాడంటే ఏదో ఉంది.

"యల్లమంద ఎవడ్రా కట్టడానికి?" అని రేడియోలో అరిచి, ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని మోటారుబండి మీద ఆ చివరకు పోయాను.

చూద్దును గదా, దారం లేదు. దాని చోట నైలాన్ పోగులు మూడు పాయలుగా పేని, మైనం పట్టించి, రెండు కొసలూ కనపడకుండా కలిపేసిన తాడు ఉంది. పెళ్ళికూతురు జడలా ఎంత ముచ్చటగా ఉందో! దాంతో ఎమ్మెల్యే కారును గుంటలోంచి లాగొచ్చు.

"బాబాయ్, ఏంది ఇది?"

యల్లమంద నా కళ్ళలోకి చూడలేదు. "అబ్బాయి మేలుకేనమ్మాయ్. పొద్దుటినించీ కూర్చుని పేనా. ఈ చేత్తో పేనింది ఇంతవరకూ తెగలా."

అమ్మతోడు, ఆ మాటకు నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఆ మనిషి చైతన్యను ఎత్తుకుని పెంచాడు. వాడికి విషం పెట్టమంటే తను తాగుతాడు గాని పెట్టడు. అలాంటివాడు ప్రేమతో కూర్చుని వాడి చావును పేనుకొచ్చాడు. చైతన్యను రెక్క కింద వేలాడదీసే పట్టీలకు తాడు కోసే కొక్కెం కత్తి ఒకటి ఉంటుంది, ప్రమాదంలో వాడుకోవడానికి. దాన్ని లాగి ఆ మూడు పాయలనూ కోసి పారేశాను. ఒక్క గాటుకు తెగలేదు. యల్లమంద "అమ్మాయ్!" అని మూలిగాడు.

పెదనాన్న షామియానా దిగి అడ్డంగా వచ్చేశాడు. ఆయన వెనకే నలుగురైదుగురు. మైకులో అనౌన్సరు "కొద్దిపాటి సాంకేతిక కారణాల వల్ల" అంటూ ఏదో వాగుతున్నాడు.

"ఏం చేశావే?"

"కోశాను."

"నీకు పెద్దంతరం చిన్నంతరం లేదా ఏందే?"

"ఉంది కాబట్టే నీ కొడుకుని చంపనంటున్నా."

"నోటికొచ్చినట్టు మాట్టాడమాకు! యల్లమందా, ఇంకోటి కట్టు. ఒరేయ్ ఎవుర్రా అక్కడ, జీపు నడపడం వచ్చినోడిని ఒకడిని వించి కాడికి పంపండి."

తాళంచెవి జేబులోంచి తీసి ఆయన కళ్ళ ముందు ఆడించాను. "ఇదుగో తాళం. కావాలంటే నా చెయ్యి విరగ్గొట్టి తీసుకో. ఇంకో దారి లేదు. విను పెదనాన్నా. తెగితే వాడు నడిచి ఇంటికొస్తాడు. తెగకపోతే నలుగురు మోసుకొస్తారు. ఏది కావాలో నువ్వే చెప్పు."

ఆయన ముఖం కందగడ్డ అయింది. చెయ్యి లేచింది కూడా. దాన్ని మళ్ళీ ఎలా దించుకున్నాడో ఆయనకే తెలియాలి.

"అక్కా, ఓవర్ చేస్తన్నావ్," అన్నాడు చైతన్య. చక్రాల బండి మీద పట్టీల్లో బోర్లా వేలాడుతూనే ఉన్నాడు. "చెప్పాగా, తేడా వస్తే నేనే మీట లాగుతానని."

"లాగుతావా? సరే లాగు. ఈడే, ఇప్పుడే చూద్దాం. బాబాయ్, ఆ ఎడమరెక్క కొస పట్టుకో. కోడెగిత్తని పట్టినట్టు పట్టి కిందకి గుంజు."

యల్లమంద పెదనాన్న వంక చూశాడు. ఆయన వద్దనకపోయేసరికి రెక్క పట్టుకుని గుంజాడు. అవతలి చక్రం నేల వదిలి లేచింది.

"ఒరిగిందిరా గ్లైడరు. సరిచెయ్యి!"

చైతన్య రెండు చేతులా కడ్డీ పట్టుకుని ఒళ్ళంతా కుడివైపుకు నెట్టాడు. మెడ నరాలు ఉబ్బాయి. రెక్క కొంచెం కొంచెంగా లేస్తోంది.

"ఇప్పుడు మీట లాగు."

మీట వాడి భుజం దగ్గరుంది. కుడిచెయ్యి తీశాడు. తీసీ తీయగానే ఒళ్ళు ఎడమకు జారిపోయింది, రెక్క కొస వెళ్ళి నేలలో గుచ్చుకుంది. మట్టి లేచింది. గట్టు మీద ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఇంకోసారి," అన్నాడు వాడే.

ఇంకోసారీ అంతే. మూడోసారి వాడు చెయ్యి తీయలేదు. రెండు చేతులా కడ్డీ పట్టుకుని, మీట వంక చూస్తూ ఉండిపోయాడు. అది జానెడు దూరంలోనే ఉంది.

"బాబాయి మన మనిషి, ఆపమంటే ఆపుతాడు," అన్నాను. "ఆ తాడు ఆపదు. నేను వించి దగ్గరుండి నీకు తేడా వచ్చిందని చూసి కట్ చేసేలోపు నువ్వు నేల మీద ఉంటావు."

వాడు తల వాల్చేశాడు. "సన్నదే కట్టక్కా," అన్నాడు.

"ఒరేయ్, అది తెగిందంటే..." అన్నాడు పెదనాన్న.

"తెగనియ్యి నాన్నా."

పెదనాన్న వెనక్కి తిరిగి వెళ్ళి ఎమ్మెల్యే పక్కన కూర్చున్నాడు. నేను రెక్క కొస, గొట్టాలు, తీగలు అన్నీ తడిమి చూసి, దెబ్బ తగల్లేదని నిశ్చయించుకుని, నా దారం నేను కట్టాను. వించి దగ్గరికి వెళ్ళి ఇంజను ఎత్తాను.

మెల్లగా లాగాను. చైతన్య కూడా బుద్ధిగా, ముక్కెత్తకుండా, సాఫీగా లేచాడు. తుమ్మచెట్లు దాటాడు. జనం "ఓ" అన్నారు. తాటిచెట్టంత ఎత్తుకు వచ్చాడో లేదో, పక్క నుంచి ఒక గాలి విసురు కొట్టింది. రెక్క ఎడమకు ఒరిగింది. నా చెయ్యి ఇంజను తగ్గించేలోపే తాడు వదులై నేల మీద పడింది. దారం తెగింది.

గ్లైడర్ ముక్కు దిగింది. వాడు కడ్డీ గుండెలకు లాక్కుని, వేగం పుంజుకోనిచ్చి, రెక్క సమం చేసుకుని, ఎదురుగాలికి నాలుగడుగులు పరిగెత్తి నిలబడ్డాడు. నేను నేర్పిన పిల్లోడు, అంత చక్కగా దిగడం నేనే ఎప్పుడూ చూడలేదు.

జనం మాత్రం అదంతా ఎందుకు చూస్తారు? ఈలలు, కేకలు. "తెగిందిరోయ్! గోపాలరావు మోకు తెగింది!" అని ట్రాక్టరు మీంచి ఒకడు అరిచాడు. వాడి వెనక పదిమంది అందుకున్నారు. మైకులో అనౌన్సరు కూడా ఆపుకోలేక నవ్వాడు. నేను బండేసుకుని వచ్చేసరికి పెదనాన్న కుర్చీలో తల వంచుకుని ఉన్నాడు. ఎమ్మెల్యే ఫోన్ చూసుకుంటున్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ ట్రాక్టరు మీదవాడిని కిందకు లాగుదామనే పోతున్నాను.

నాకంటే ముందు పెద్దమ్మ లేచింది. ఆడవాళ్ళ కుర్చీల మధ్య నుంచి, కొంగు నడుముకు దోపుకుని, చెప్పులు అక్కడే వదిలేసి, మట్టిగడ్డల్లో పడుతూ లేస్తూ చైతన్య దగ్గరికి వెళ్ళింది. వాడి చేతులు, భుజాలు, మోకాళ్ళు రెండు చేతులా పట్టి పట్టి చూసింది. అప్పుడు జనం వైపు తిరిగింది. మైకు అక్కర్లేకపోయింది.

"ఏందిరా ఆ కూతలు? తెగింది తాడా, నా కొడుకా? కళ్ళు కనపడట్లేదంట్రా మీకు?"

కేకలు కొంచెం తగ్గాయి. ఆమె ఆగలేదు.

"బసవయ్య కాలికి మోకు చుట్టుకున్ననాడు ఇదే బీడు, ఇదే జనం. ఎడ్లు ఆగలా, మోకు తెగలా, ఆ పిల్లోడిని బండతో పాటు ఈడ్చుకుపోయినయ్. కాలు మోకాలి దాకా తీసేశారు. ఆ రాత్రి కూడా మోకు ఎంత గట్టిదో అని చెప్పుకుని మురిశారే గాని, అయ్యో తెగితే బాగుండేదని ఒక్కడన్నా అన్నాడంట్రా?"

గట్టు మీద కర్ర పక్కన పెట్టుకుని కూర్చున్న బసవయ్య తల దించుకున్నాడు. అతను ఉన్న సంగతి అప్పటిదాకా ఎవరూ పట్టించుకోలేదు. నవ్వులు పూర్తిగా ఆగిపోయాయి.

పెద్దమ్మ షామియానా వైపు చూసింది. ఈసారి గొంతు పెంచలేదు. అయినా అందరికీ వినిపించింది.

"ఆ మోకు మనదేగా."

పెదనాన్న తల ఎత్తలేదు. యల్లమంద తన రెండు చేతుల వంకా చూసుకుంటూ నిలబడ్డాడు. పెద్దమ్మ ముక్కు చీది, కొంగుతో మొహం తుడుచుకుని నా వైపు తిరిగింది.

"ఏమే ధరణీ, గుడ్లప్పగించి చూస్తావేందే? ఇంకోటి కట్టు."

"కడతన్నా పెద్దమ్మా," అన్నాను. యల్లమంద వెళ్ళి చక్రాల బండి తోసుకొచ్చాడు. నేను వంగి దారం కట్టాను.